రెండు పౌండ్ల గాలి

నేను ఒక గాలి గేజిని. అరచేతిలో ఇమిడే ఇత్తడి డబ్బా, పైన గాజు మూత, మూత కింద సున్నా నుంచి అరవై దాకా అంకెలు, వాటి మీద తిరిగే ఒక నల్లటి ముల్లు. అదీ నా ఆకారం. లారీ టైర్ల దగ్గర కనిపించే పొడుగాటి గేజులు నాకు దూరపు చుట్టాలు. వాళ్ళు వంద, నూట ఇరవై అని గొంతెత్తి మాట్లాడే జనం. నాది చిన్న ఉద్యోగం. ఒక పాత జపాను మోటారు సైకిలు వెనక షాకప్‌లలో ఎంత గాలి ఉందో చెప్పడం.

షాకప్‌లలో గాలేమిటి, స్ప్రింగు కదా ఉండేది అంటారు మీరు. మామూలు బండికి అంతే. మా బండికి స్ప్రింగుతో పాటు కాస్త గాలి కూడా పట్టించాలి. గాలి తగ్గితే బండి వెనక భాగం చతికిలబడుతుంది. ఎక్కువైతే కూర్చున్నవాళ్ళ నడుములు పడిపోతాయి. ఒక్కరే నడిపితే ఇరవై పౌండ్లు, వెనక ఇంకొకరు కూర్చుంటే ముప్పై. కుడి ఎడమ షాకప్‌లను ఒక సన్నటి గొట్టం కలుపుతుంది. దాని చివర, సీటు కింద, ఒక వాల్వు ఉంటుంది. సైకిలు పంపుతో నాలుగైదుసార్లు కొడితే చాలు, నిండిపోతుంది. లోపల గాలి ఉండే చోటు అంతా కలిపినా ఒక టీ గ్లాసుకి కాస్త ఎక్కువ.

నేను పుట్టింది జపానులో, సముద్రం పక్కన ఒక చిన్న కార్ఖానాలో. కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక పెద్దావిడ నా ముల్లును సున్నా మీద కూర్చోబెట్టింది. మూడుసార్లు ముప్పై దాకా నడిపించి చూసింది. మూడుసార్లూ నేను తడబడలేదు. తల ఊపి, పల్చటి కాగితంలో చుట్టి పెట్టెలో వేసింది. అక్కడి నుంచి నేను కొత్త బండి తోలు సంచీలోకి చేరాను. ఆ బండిని మెనెజెస్ అనే గోవా కెప్టెను యొకొహామాలో కొని, తన ఓడ మీదే విశాఖపట్నం తెచ్చుకున్నాడు. ఆయన నెలకొకసారి, ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు, నన్ను బయటికి తీసేవాడు. ఒకసారి చూసి, మళ్ళీ కాగితంలో చుట్టి పెట్టేసేవాడు. ఆ మూడేళ్ళూ నాకు పింఛనుదారు బతుకులా హాయిగా గడిచింది.

ఆయనకు బదిలీ అయ్యాక బండి ఒక క్వారీ కాంట్రాక్టరు చేతికి వచ్చింది. ఆ కాంట్రాక్టరుది గొప్ప ధైర్యం. ముప్పై మంచిదైతే అరవై ఇంకా మంచిది అనుకునే రకం. నన్ను సంచీలోంచి తియ్యకుండానే పెట్రోలు బంకుకు వెళ్ళి, టైర్లకు కొట్టే మిషనుతో షాకప్‌లకు గాలి కొట్టించాడు. ఒక్క చప్పుడు. గాలిని, నూనెను ఆపే లోపలి రబ్బరు సీళ్ళు చిరిగి, నూనె చిమ్మి, బండి ఒంటెలా కూలబడింది. దాన్ని క్వారీ ఆఫీసు వెనక రేకుల షెడ్డులో నిలబెట్టారు. ఇరవై రెండేళ్ళు అక్కడే ఉన్నాం. నా సంచీలో బల్లులు మూడు తరాలు కాపురం చేశాయి. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. నా మీద కూర్చునేవి గాని, నన్ను ఏమీ అడిగేవి కావు.

క్వారీ మూతపడి సామానంతా వేలానికి పెట్టినప్పుడు దాలినాయుడు వచ్చాడు.

దాలినాయుడు పోర్టులో లాంచీ ఇంజను డ్రైవరుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇల్లు మల్కాపురంలో. లాంచీలో ఆయన పని గంటగంటకూ గేజులు చూసి, ఆయిలు ప్రెషరెంత, నీళ్ళ వేడెంత అని లాగ్ బుక్కులో రాయడం. రిటైరైన మర్నాడు ఉదయం లేచి ఏ గేజి చూడాలో తోచక, భార్య పాలు కాస్తుంటే పక్కన నిలబడి గడియారం చూశాడట. ఈ మాట చెప్పింది ఆయన భార్య నూకరత్నం. ఆవిడ ఆయన్ని మావా అని పిలుస్తుంది. అది వాళ్ళ వైపు అలవాటు.

తుప్పుపట్టిన బండి ఇంటి ముందు దిగినప్పుడు ఆవిడ గుమ్మంలోంచి కదలకుండా చూసి, "ఏటి మావా, ఇంట్లో నువ్వొక్కడివే పాతబడిపోనావని తోడు తెచ్చుకున్నావా?" అంది.

బండిని బాగుచేసింది ఆవిడ తమ్ముడు గౌరీసు. సింధియా కూడలి దగ్గర అతనిది ఒక్క షట్టరు మెకానిక్ షాపు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాట్లాడేటప్పుడు నేల చూస్తాడు, పని చేసేటప్పుడు మాత్రం రెప్ప వెయ్యడు. మా బండి షాకప్‌లకు సరిపడే సీళ్ళు ఎక్కడా దొరకలేదు. లేతు పనివాడి పక్కన నాలుగు రోజులు కూర్చుని, కొలతలు చెప్పి, వాటి గూళ్ళు చేయించాడు. పాత క్రేను సీళ్ళను కోసి ఆ గూళ్ళలో ఇమిడ్చాడు. అలా ఏడాది పట్టింది. చివరికి బండి వెనక భాగం రెండు వేళ్ళ లోతు దిగి, మళ్ళీ మెత్తగా లేచిన రోజున, గౌరీసు తన చేతులను పాత గుడ్డతో తుడుచుకుంటూ చాలాసేపు అలా నిలబడ్డాడు.

ఆ రోజే దాలినాయుడు నన్ను సంచీలోంచి తీశాడు. బల్లి గుడ్ల పెంకులు దులిపి, చింతపండుతో తోమి, గాజు తుడిచాడు. నా ముల్లు సున్నా మీదే ఉండటం చూసి, "ఇది రా గేజంటే" అన్నాడు. ఇరవై రెండేళ్ళ తర్వాత ఎవరైనా అలా అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

తర్వాత ఆయన భార్యను పిలిచాడు. "ఒలే, నీ బరువెంత?"

"ఈ వయసులో పెళ్ళిసూపులేటి?"

"గాలి పెట్టాలి. నానొక్కడినే అయితే ఇరవై, నువ్వెక్కితే ముప్పై."

"అంటే ముప్పయ్యేళ్ళు కాపురం సేస్తే నాను నీకు పది పౌండ్ల మనిషినా?"

బండి కింద పడుకుని ఏదో బిగిస్తున్న గౌరీసు, "బావ మర్యాదకి ముప్పై అంటన్నాడప్పా. నిన్ను సూస్తే నలభై పెట్టాలి" అన్నాడు అక్కతో.

"నువ్వు బయటికి రా, నీకెంత పెట్టాలో నాను సూస్తాను" అంది ఆవిడ.

వాళ్ళు ముగ్గురూ అలా నవ్వుకుంటున్నప్పుడే ఒక చిన్న పని జరిగింది. ఇరవై రెండేళ్ళకు నా రబ్బరు గొట్టం ఎండి పగిలింది. అది వేలెడు పొడవే ఉండేది. దాలినాయుడికి మోకాళ్ళు వంగవు. సీటు కిందికి వంగి నన్ను చూడటం కష్టం. అందుకని లాంచీ రోజుల నుంచి దాచుకున్న మంచి రబ్బరు గొట్టం తెచ్చి, మూరెడు ముక్క కోసి, నాకు తగిలించాడు. ఇప్పుడు స్టూలు మీద కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకుని హాయిగా చూడొచ్చు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నన్ను ఎంత గాలి ఉంది అని అడిగితే నేను ఊరికే జవాబు చెప్పలేను. ముందు నా పొట్ట, నా గొట్టం నిండాలి. ఆ గాలి షాకప్‌లోంచే రావాలి. నన్ను పీకగానే అది తుస్సుమని బయటికి పోతుంది. గొట్టం వేలెడున్నప్పుడు నేను తాగేది ఒక గుటక. అది ఎవరికీ తెలిసేది కాదు. మూరెడు గొట్టంతో, ఆ టీ గ్లాసుడు గాలిలోంచి, నేను ఒక్కో చూపుకి రెండు పౌండ్లు తాగేస్తున్నాను. నేను అబద్ధం చెప్పేదాన్ని కాదు. నేను చూపించిన అంకె ఆ క్షణానికి నిజమే. ఆ అంకె తగ్గడానికి కారణం నేనేనని చెప్పడానికి మాత్రం నా దగ్గర అంకెలే తప్ప మాటలు లేవు.

దాలినాయుడు ముప్పై కన్నా కాస్త ఎక్కువ గాలి కొట్టేవాడు. నన్ను తగిలించి, నా పక్కనున్న చిన్న మీట నొక్కి, గాలి కొంచెం కొంచెంగా వదిలి సరిగ్గా ముప్పై దగ్గర ఆపేవాడు. నన్ను పీకి, వాల్వు మూత పెట్టేవాడు. అంతవరకు పని శుద్ధంగా ఉండేది. మర్నాడు ఉదయం ఆరింటికి మళ్ళీ తగిలించేవాడు. నా గొట్టం నిండేది. ఇరవై ఎనిమిది.

ఆయన కొత్త లాగ్ బుక్కు తెరిచాడు. ఉదయం ఆరు గంటలు. ఇరవై ఎనిమిది. తగ్గుదల రెండు. మళ్ళీ గాలి కొట్టి ముప్పై చేశాడు. మర్నాడు ఉదయం ఆరు గంటలు. ఇరవై ఎనిమిది. తగ్గుదల రెండు. ఉద్యోగం తిరిగి వచ్చినంత శ్రద్ధగా రాసేవాడు. వారం తర్వాత గౌరీసును పిలిచి పుస్తకం చూపించాడు.

గౌరీసు సర్ఫు నీళ్ళు కలిపి తెచ్చాడు. వాల్వు మీద, గొట్టం అతుకుల మీద, సీళ్ళ చుట్టూ పూశాడు. గాలి కారితే బుడగ రావాలి. బావా బామ్మర్దులిద్దరూ చెరో పక్క కూర్చుని పావుగంట చూశారు.

"బుడగ లేదు బావా."

"బుడగ లేకపోతే రెండు పౌండ్లు ఏటైపోనాయిరా? నీ జేబులోకి ఎల్లిపోనాయా?"

"నా జేబుకి కన్నాలే. అందులో గాలేటి నిలుస్తాది."

నవ్వుతూనే అన్నాడు గాని, షాకప్‌లు విప్పి సీళ్ళు మార్చాడు. మర్నాడు ఉదయం ఆరు గంటలు. ఇరవై ఎనిమిది. నెల తర్వాత మళ్ళీ విప్పాడు, మళ్ళీ మార్చాడు. ఈసారి వాల్వు కూడా కొత్తది వేశాడు. ఇరవై ఎనిమిది. నన్ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడబోతే దాలినాయుడు లాక్కున్నాడు. "గేజి జోలికి రాకు. అది జపానుది. తప్పంటూ ఉంటే మన సేతిలో ఉంటాది." నా మీద ఆయనకున్న నమ్మకం చూసి ఆ రోజు నాకు మొదటిసారి సిగ్గేసింది.

మధ్యలో భార్యాభర్తలు బొబ్బిలిలో పెళ్ళికి వెళ్ళి తొమ్మిది రోజులు ఉండి వచ్చారు. వచ్చీ రాగానే, కాళ్ళు కడుక్కోకుండా, నన్ను తగిలించాడు దాలినాయుడు. ఇరవై ఎనిమిది. తగ్గుదల రెండు. రాశాడు, కింద గీత కూడా గీశాడు. ఆలోచించలేదు. రాసేవాళ్ళకు ఒక్కోసారి అదే ఇబ్బంది. రాయడంతో పని పూర్తయిపోయిందనుకుంటారు.

ఇదంతా ఇంట్లో బావా బామ్మర్దుల మాటగా ఉన్నంతవరకు పరవాలేదు. ఊళ్ళో పాత బండ్లవాళ్ళకు ఒక సంఘం ఉంది. దాని కార్యదర్శి కామేశం గారు. మెత్తటి మనిషి, లెక్కల లెక్చరరుగా చేశాడు. ఆయన సంఘంలో మా బండి లాంటి గాలి షాకప్‌ల బండ్లు ఆరు ఉన్నాయి. వాటిని ముట్టుకునే మెకానిక్కే లేడు. గౌరీసు సీళ్ళు చేయించాడని విని ఆయన ఒక ఉదయం దాలినాయుడి ఇంటికి వచ్చాడు.

"మీ బావమరిది పని ఎలా ఉందండీ? మీరు బాగుందంటే ఆరు బండ్లూ అతనికే ఇచ్చేద్దామని మా వాళ్ళ ఉద్దేశం."

ఒక షట్టరు షాపు మెకానిక్కుకు ఆరు బండ్లంటే పని మాత్రమే కాదు, పేరు. నూకరత్నం టీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయింది. దాలినాయుడు కాసేపు మీసం తడుముకున్నాడు. ముప్పై నాలుగేళ్ళలో లాగ్ బుక్కులో లేని అంకె ఎవరికీ చెప్పని మనిషి. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"రోజుకి రెండు పౌండ్లు కారతందండి. రెండుసార్లు సీళ్ళు మార్చినాడు. ఆగలేదు."

కామేశం గారు పేజీలు తిప్పి, అయ్యో అని, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆయన అటు వెళ్ళగానే నూకరత్నం, "ఒక్క మాట బాగుందని అంటే నీ నోరు పడిపోద్దా?" అంది.

"లేనిది ఉన్నాదని ఎలగ సెప్తానే?"

"ఆడు నా తమ్ముడు."

"గేజికి తమ్ముడూ అప్పా తెలవదు."

నిజమే, నాకు తెలియదు. కాని నన్ను ఆ మాటకు సాక్షిగా పిలవడం నాకు నచ్చలేదు.

రెండు రోజులకు ఈ కబురు గౌరీసుకు చేరింది. అతను ఇంటికి వచ్చాడు. గొడవ పడతాడేమోనని నూకరత్నం భయపడింది. గొడవ పడి ఉంటేనే బాగుండేది. గుమ్మం దగ్గరే కూర్చుని, తన రెండు చేతులూ ముందుకు చాపి వాటినే చూస్తూ మాట్లాడాడు.

"నువ్వు అబద్ధం సెప్పవు బావా. నాకు తెలుసు. నా సేతుల్లోనే ఏదో పోనాది. మూడుసార్లు బిగించినాను. మూడుసార్లూ సరిగ్గా బిగించినాననే అనుకున్నాను. సరిగ్గా సేసినానో లేదో సేసేటోడికే తెలవకపోతే ఇంకేటి మెకానిక్కు?" చేతులు ఒళ్ళోకి దించుకుని, "గాజువాకలో ఒక అపార్టుమెంటుకి వాచ్‌మేన్ కావాలన్నారు. సోమారం నుంచి ఎల్తన్నాను. షాపు కాళీ సేసేస్తాను" అన్నాడు.

"ఏడిసినట్టుంది. కూకో, కూడు తిని ఎల్లు" అంది నూకరత్నం.

అతను తినలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో నవ్వు వినిపించలేదు. దాలినాయుడు మాత్రం ఉదయం ఆరింటికి నన్ను తీస్తూనే ఉన్నాడు.

శనివారం వచ్చింది. నూకరత్నం ఇద్దరికీ సరిపోయేలా చిన్న గిన్నెలో బెండకాయ పులుసు పెట్టింది. నేను వంటింటి కిటికీలో ఉన్నాను. ఉదయం కొలిచాక ఆయన అక్కడ పెట్టి మరిచిపోయాడు. ఏమీ తోచక దాలినాయుడు వంటింట్లోకి వచ్చాడు. గోడకు వేలాడుతున్న పెద్ద గరిటె తీశాడు. చుట్టాలొచ్చినప్పుడు గంగాళంలో కలపడానికి వాడే గరిటె అది. దాంతో పులుసు తీసి ఊదుకుని తాగాడు.

"ఉప్పు సాల్లేదు."

ఆవిడ ఉప్పు వేసింది. ఆయన మళ్ళీ ముంచాడు. "ఇప్పుడు కాస్త పులుపు తగ్గినాది." ఆవిడ చింతపండు రసం కొంచెం వంచింది. ఆయన మూడోసారి ముంచి, "ఆఁ, ఇప్పుడు సరిపోనాది" అన్నాడు.

నూకరత్నం గిన్నెలోకి చూసింది. "సరిపోడానికి ఏటున్నాదిందులో? సూసీ సూసీ సగం తాగీసినావు! గంగాళంలోంచి గరిటెడు తీస్తే కానరాదు మావా. ఇద్దరి గిన్నెలోంచి ఈ గరిటెతో తీస్తే ఏటి మిగుల్తాది?"

అని, ఆయన చేతిలోంచి గరిటె లాక్కుంది. లాక్కుని అక్కడ పెట్టలేదు. పట్టుకుని అలాగే నిలబడింది. గరిటె వంక చూసింది, గిన్నె వంక చూసింది. తర్వాత కిటికీలో ఉన్న నా వంక చూసింది. నా మూరెడు గొట్టం కిటికీ ఊచల మీదుగా వేలాడుతూ ఉంది.

నా దగ్గర మాటలు లేవన్నాను కదా. ఉండి ఉంటే ఆ క్షణంలో కేక పెట్టేదాన్ని.

ఆవిడ చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, నన్ను తీసుకుని వసారాలోకి నడిచింది. "రా మావా. నీ పుస్తకం తే."

ఆయన తెచ్చాడు. "బొబ్బిలి ఎల్లినప్పుడు తొమ్మిది రోజులు మనం లేం. ఎంత తగ్గినాది?"

"రెండు."

"నిన్న ఒక్క రోజుకి?"

"రెండు."

"కన్నం పడ్డ కుండ తొమ్మిది రోజులకీ ఒక్క రోజుకీ ఒకేలాగ కారుద్దా?"

పేజీ మీద దాలినాయుడి వేలు కదలకుండా ఉండిపోయింది.

"ముప్పై పెట్టు" అంది ఆవిడ. ఆయన పెట్టాడు. నన్ను పీకాడు. "మళ్ళీ సూడు." తగిలించాడు. ఇరవై ఎనిమిది. "తీసి మళ్ళీ సూడు." ఇరవై ఆరు. "మళ్ళీ." ఇరవై నాలుగుకి కాస్త పైన. బండి కదలలేదు, ఎండ మారలేదు, గడిచింది మూడు నిమిషాలు. నాలుగోసారి తగిలించబోయి ఆయన ఆగిపోయాడు. నన్ను ఒళ్ళో పెట్టుకుని, నా గొట్టాన్ని వేళ్ళ మధ్య నలుపుతూ, స్టూలు మీద అలా కూర్చుండిపోయాడు.

"ఇన్నాళ్ళూ నానే తాగీసినానా ఆ గాలి?"

"నువ్వు కాదు. గేజి."

"గేజి దానంతటదే ఎల్లి అంటుకున్నాదేటి? గొట్టం ఏసింది నాను. రోజూ తగిలించింది నాను." భార్య వైపు తల తిప్పి, "ఇప్పుడేటి సెయ్యమంటావు?" అన్నాడు.

"నాకు సెప్పకు. ఎవరి ముందర అన్నావో ఆళ్ళ ముందర సెప్పు."

పొయ్యి మీద మిగిలిన సగం పులుసూ మాడింది. ఇద్దరూ దాన్నే కలుపుకుని తిన్నారు. ఉప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆదివారం ఉదయం గౌరీసు షాపు ముందు ట్రాలీ ఆటో నిలబడి ఉంది. అతను పానాలు, సుత్తులు గోనె సంచుల్లో సర్దుతున్నాడు. దాలినాయుడు బండి ఆపాడు. వెనక నుంచి నూకరత్నం దిగింది. అప్పటికే కామేశం గారు తన స్కూటరు మీద వచ్చి, ఎందుకు రమ్మన్నారో తెలియక, టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఒరే గౌరీసూ, దొంగ దొరికినాడు" అన్నాడు దాలినాయుడు.

"ఏ దొంగ బావా?"

"రెండు పౌండ్ల దొంగ. నాను పట్టుకున్నాను."

"ఎవరు పట్టుకున్నారు?" అంది వెనక నుంచి నూకరత్నం.

"మీ అప్ప పట్టుకున్నాది. నాను పట్టిచ్చినాను" అని దిద్దుకున్నాడు ఆయన.

నన్ను తగిలించి చూపించాడు. ముప్పై, ఇరవై ఎనిమిది, ఇరవై ఆరు. గౌరీసు చెయ్యి చాపాడు. ఈసారి దాలినాయుడు నన్ను ఇచ్చేశాడు. అతను తన చేతులతో మళ్ళీ ముప్పై పెట్టి నాలుగుసార్లు చూశాడు. గోనె సంచి విప్పి కత్తి తీశాడు. నా గొట్టాన్ని వేలెడు మేరకు కోసి, క్లిప్పు బిగించి, మళ్ళీ ముప్పై పెట్టాడు. పీకి మళ్ళీ తగిలించాడు. నా ముల్లు ముప్పైకి వెంట్రుకవాసి ఇవతల ఆగింది. అంత తేలిగ్గా నేను ఎప్పుడూ నిలబడలేదు.

అతను నన్ను పక్కన పెట్టాడు. నల్లటి మడ్డి పట్టిన తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "బాగానే ఉన్నాయప్పా" అన్నాడు మెల్లగా.

"నీ మొకం. ఎప్పుడు బాగోలేవు గనక?" అంది ఆవిడ. అని అటు తిరిగిపోయింది.

దాలినాయుడు షాపులో బోర్లించి ఉన్న పెయింటు డబ్బా మీద కూర్చుని లాగ్ బుక్కు తెరిచాడు. లాంచీ మీద లాగ్ బుక్కులో తప్పు రాస్తే చెరపకూడదు, కాగితం చింపకూడదు. తప్పు మీద ఒక్క గీత కొట్టాలి, పక్కన సరైనది రాయాలి, రాసినవాడు సంతకం పెట్టాలి. ఆయన మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. తగ్గుదల రెండు, దాని మీద గీత. పక్కన, తగ్గుదల లేదు, తప్పు కొలిచినవాడిది. కింద సంతకం. తర్వాతి రోజు. మళ్ళీ గీత, మళ్ళీ రాత, మళ్ళీ సంతకం. టీ కొట్టులోవాళ్ళు గ్లాసులు పట్టుకుని వచ్చి చూడసాగారు. ఎండ షట్టరు లోపలికి జరిగింది.

"ఎన్ని సంతకాలు బావా?" అన్నాడు గౌరీసు, చాలాసేపటికి.

"ఎనభై ఏడు."

"కలెక్టరు కూడా అన్ని పెట్టడేమో. సాల్లే, నాలుగు పెట్టి వదిలీ."

"అన్నావు గనక ఇంకో టీ సెప్పు" అన్నాడు దాలినాయుడు తలెత్తకుండా.

ఎనభై ఏడూ పూర్తయ్యాక పుస్తకాన్ని కామేశం గారికి ఇచ్చాడు. ఆయన లెక్కల మాస్టరు కదా, ఒక్క పేజీ కూడా వదలకుండా చదివాడు. చదివి, పుస్తకం మూసి, గౌరీసుతో, "నా బండి బుధవారం తెస్తానయ్యా. తతిమ్మా ఐదూ వరసగా వస్తాయి. చోటు ఉందా?" అన్నాడు.

గౌరీసు షాపు లోపలికి చూశాడు. సగం సర్దిన సంచులు, ఖాళీ గోడలు. "సోటు ఉందండి" అని, బయటికి వెళ్ళి ట్రాలీ ఆటో అతన్ని పంపించేశాడు.

అప్పటి నుంచి నేను గౌరీసు దగ్గరే ఉంటున్నాను. దాలినాయుడే ఇచ్చేశాడు. "నా కాడ ఉంటే సెయ్యి ఊరుకోదు" అన్నాడు. షాపు గోడ మీద, పానాల వరసకు పైన, ఒక మేకుకు వేలాడుతున్నాను. ఆరు బండ్లూ వచ్చి వెళ్ళాయి. విజయనగరం నుంచి, కాకినాడ నుంచి కూడా వస్తున్నాయి. ఒక్కో బండికి నాతో పని ఒక్కసారే. గౌరీసు నన్ను తగిలిస్తాడు, మీట నొక్కుతూ అంకె మీద ఆపుతాడు, పీకి మేకుకు తగిలిస్తాడు. బండి తెచ్చినవాళ్ళు నిలబడి, మళ్ళీ ఒకసారి చూడకూడదా అని బతిమాలతారు. కొలిచినకొద్దీ నిజం పెరుగుతుందని మనుషులకు ఎవరు నేర్పారో నాకు తెలియదు. చూడనంటాడు గౌరీసు. ఇప్పుడతను మాట్లాడేటప్పుడు నేల చూడటం లేదు.

మొన్న దాలినాయుడూ నూకరత్నమూ వచ్చారు. అరకు దాకా వెళ్తున్నారట, ఘాటు రోడ్డు మీద. ఆవిడ ఒక సంచీలో పులిహోర, మరో సంచీలో మంచినీళ్ళ సీసాలు పట్టుకుంది. గౌరీసు గాలి కొట్టి, నాతో ఒకసారి చూసి, నన్ను మేకుకు తగిలించి, వాల్వు మూత బిగించాడు.

"ముప్పయ్యేనా?" అన్నాడు దాలినాయుడు.

"ముప్పై రెండు పెట్టినాను. పులిహోర ఉంది కదా."

"పులిహోర పేరు సెప్పి నన్నేరా అంటన్నావు?" అంది నూకరత్నం బండి ఎక్కుతూ. బండి వెనక భాగం రెండు వేళ్ళు దిగి, మెత్తగా లేచి నిలబడింది.

దాలినాయుడు తల తిప్పి గోడ వైపు చూశాడు. కుడి చెయ్యి హ్యాండిలు మీది నుంచి కాస్త లేచింది, నా వైపు. గౌరీసు చూశాడు. ఆ చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగి, దానంతటదే హ్యాండిలు మీదికి తిరిగి వెళ్ళింది.

"ఎల్లొస్తాం రా" అని ఆయన బండి స్టార్టు చేశాడు.